స్క్రూలు కనపడే మిషను

మూడింట్లో ఏది తెచ్చుకోవాలా అని
నెలన్నర ఆలోచించినా.

ఒకటి మెరస్తా ఉండాది, పెండ్లికొచ్చిన బావమరిది మాదిరి.
ఒంటినిండా దీపాలే.
తిరగేసి చూస్తే ఒక్క స్క్రూ లేదు.
చెడిపోతే ఏం చేస్తారబ్బా అంటే
కొత్తది కొంటారు సార్ అన్నాడు అంగట్లో పిల్లోడు.

ఇంకోటి చేత్తో గుంజే పిడి ఉండేది. బాగుండాది గానీ
కట్టెలు ఎగదోసి ఎగదోసి
నా కుడి భుజం ఎప్పుడో అరిగిపోయింది.

మూడోది, బెంగుళూరులో ఇల్లు ఖాళీ చేస్తా ఉన్నోళ్ళు
అట్టపెట్టెతో సహా అమ్మేసిన ఇటలీ ముసిల్ది.
అడుగున ఆరు స్క్రూలు, నెత్తిన నాలుగు.
విప్పుకో, ఏమీ అనుకోను అనే మొహం.
బస్సులో ఒళ్ళో పెట్టుకోని చిత్తూరు తెచ్చినా.
మొగిలి ఘాట్లో ప్రతి మలుపుకీ
దాని మూల నా కడుపులో పొడస్తానే ఉండింది.

నేను మునిరత్నం. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో
బాయిలర్ కాడ పంతొమ్మిదేండ్లు.
తోతాపురి కాలం అయిపోతే మా మంట ఆరిపోతాది,
చేతులు మాత్రం ఆరవు.
టన్నులకి టన్నులు ఆవిరి కాసినోడికి
గుప్పెడంత ఇత్తడి బాయిలరు!
"మావటోడు ఎలక్కి అంకుశం పట్టినట్టుండాది"
అనింది అముద.

పెట్టె మీద పెద్దక్షరాల్తో పదిహేను అని రాసుండాది.
మా లెక్కలో పదిహేను కేజీల ఒత్తిడి.
అంత ఎందుకు?
గింజ గొంతు పిసికితే నిజం చెప్పదు,
చేదు కక్కతాది, అంతే.
తొమ్మిది చాలు.
ఆ తొమ్మిదిని పట్టుకోను
వానాకాలం అంతా అయిపాయ.

స్టోర్లో పారేసిన మీటరు అడిగి తెచ్చినా.
అద్దం పగిలింది గానీ ముల్లు నిజాయితీది.
అన్నం తట్టంత మీటరు కింద మిషను
తాత తలపాగా చుట్టుకున్న చంటోడి మాదిరి.

మా బోరు నీళ్ళు బక్కెట్లకే తెల్లగీతలు గీస్తాయి.
ముసిల్దాని కడుపులో ముందే ఎవరి నీళ్ళో సున్నం కొట్టి ఉండాయి.
గుజ్జులో వేసే నిమ్మ ఉప్పు ఒక స్పూను కలిపి పోస్తే
బుసబుసా పొంగి
తాను కాపురం చేసిన ఇండ్లన్నీ కక్కేసింది.

గాంధీ రోడ్డు కాఫీ అంగట్లో
చికోరీ లేకుండా ఒట్టి గింజ ఇమ్మంటే
అన్నా, ఇంట్లో ఎవరికైనా బాగలేదా అన్నారు.

గంగినేని చెరువు దావలో దస్తగిరి లేతు.
లోపలి స్ప్రింగు చూపించి
దీనికన్నా మెత్తంది కావాలన్నా.
"అందురూ గట్టిది అడగతారు, నువ్వేంది"
అంటానే సన్న తీగ చుట్టినాడు.
మొదటిది ఆరుకే చేతులెత్తేసింది.
కప్పులో దిగింది గిన్నె కడిగిన నీళ్ళు.
రెండోది పన్నెండు దాకా మొండికేసింది.
మూడోది చుట్టేటప్పుడు దస్తగిరి మాట్లాడలా.
బీడీ పెదాల మీదే ఆరిపోయింది.

ఆదివారం ముగ్గురం వంటింట్లో నిలబడినాము.
ముల్లు లేచింది.
ఏడు. ఎనిమిది.
తొమ్మిది కాడ రవ్వంత వణికి
నిలబడింది.
బెల్లం పాకం తీగ సాగినట్టు
జారింది, ఎర్రగా, తొందర లేకుండా.

ఉగ్గుగిన్నెంత కప్పుని దస్తగిరి
బేరింగు తిప్పి చూసినట్టు తిప్పి చూసి తాగినాడు.
చానాసేపు ఏమీ అనలా.
"చికోరీ యాడ?" అన్నాడు.
అముద తన వంతు వేడిపాలల్లో ఒంపేసుకోని
రెండు స్పూన్లు చక్కెర వేసి
"ఇప్పుడయింది కాఫీ" అనింది.

నేనేం మాట్లాడలా.
లేతు కూలి తీసుకోకుండా దస్తగిరి పోయినాక
కప్పు అడుగున మిగిలిన చుక్క
నాలిక మీద పెట్టుకోని కూర్చున్నా.
పులుపు, దాని ఎనకాల ఏదో తీపి,
పేరు తెలీదు.

పీకేసిన పాత స్ప్రింగు పారేయలా.
కిటికీలో, అగ్గిపెట్టె పక్కన ఉండాది.
వేలు పెట్టి నొక్కితే
ఇప్పటికీ పదిహేను అంటాది.