మూడోసారి నీళ్లు

తెలావీ ఊరి చివర నా షెడ్డులోకి
ఎనభై నాలుగు నాటి అంబులెన్సు తోలుకొచ్చింది నర్సు పిక్రియా.
ఆకారం చూసి ఇక్కడందరూ దాన్ని రొట్టె అంటారు.
పక్కన గీసిన ఎర్ర శిలువ ఎండకి వెలిసి
చిగుళ్ల రంగుకి దిగింది.

"ముందు ఇంజను మరుగుతుంది,
వెనక పేషెంటు వణుకుతాడు" అంది.
లక్షణాలు చెప్పడం ఆమె రోజూ వినే పని.
ఇంకేం అడగలేదు నేను.

మూత తిప్పి వేలు ముంచాను.
కుండలో మరిచిపోయిన అంబలి.
కింద బోల్టు విప్పితే కారాలి కదా,
కారలేదు.
తీగతో పొడిచాను, మళ్లీ పొడిచాను,
అప్పుడొచ్చింది
పేడకడిలా, దభీమని, నా మోచేతి దాకా.

నలభై ఏళ్లుగా దీని గొంతులో
ఎవరెవరు ఏం పోశారో
ఆ బేసిన్ చూస్తే తెలిసిపోతుంది.
అలజాని ఏటి నీళ్లు: నల్లటి సన్న ఇసుక.
అబానో కనుమ మలుపులో డబ్బాతో పట్టిన ఊట: సున్నం.
పచ్చ కూలెంటు మీద ఎర్రది కలిపిన
ఎవడో తొందరగాడి జిగురు.
మిగతాదంతా తుప్పు,
ఇంజను తన్ను తానే అరగదీసుకున్నది.

ఒక పొట్టు మాత్రం నాకు అంతుపట్టలేదు.
గోళ్లతో నలిపి ఆమె అంది:
"ఆవపిండి. జుంబెరి పోశాడు.
తొంభై మూడు, చలికాలం. రేడియేటరు కారుతోంది,
దుకాణంలో అరలు తప్ప ఏం లేవు.
మా అత్తగారి డబ్బా మొత్తం గుమ్మరించాడు.
ఆవిడ చచ్చేదాకా వాడితో మాట్లాడలేదు."

థర్మోస్టాట్ పీకేసి, నిమ్మ ఉప్పు కలిపి
అరగంట ఇంజను ఆడించాను.
మొదటిసారి నీళ్లు కాఫీ మడ్డి.
రెండోసారి పైపు తిరగేసి పెట్టాను,
మురికిని వచ్చిన దారినే వెనక్కి తోలాలి.
టీ రంగు.
హీటరు గొట్టంలోంచి ఒక ముద్ద
తుపాకీ గుండులా వెళ్లి గోడకి అంటుకుంది.
ఇప్పటికీ ఉంది అక్కడ, చూపిస్తాను వస్తే.

మూడోసారి నీళ్లు తేట.
బేసిన్ అడుగున పగులు గీత కనబడింది.
ఇద్దరం ఊపిరి పీల్చుకున్నామో లేదో
టప్.
మళ్లీ టప్.
ఇత్తడి రేడియేటరుకి మూడు చోట్ల చెమట.
ఇన్నాళ్లూ ఆ బురదే దానికి బిరడా,
నా చేత్తో నేనే ఊడగొట్టాను.

"ముట్టుకోకుండా ఉండాల్సిందేమో" అన్నాను.
ఆమె చేతులు తుడుచుకుంటూ,
"పుండు కడిగితే నెత్తురొస్తుంది.
రాకపోతే అప్పుడు భయపడతాను నేను."

దింపాను. ఇత్తడిని మెరిసేదాకా గీకి
సీసం కరిగించి మూడు చుక్కలు పెట్టాను.
ఒకటి అందంగా కుదిరింది.
రెండు కుదరలేదు, కానీ కారవు.

సాయంత్రం ఇంజను వేడెక్కాక
డాష్‌బోర్డు కింద ఎలుకగూడు కమిలిన వాసన,
ఆ వెంటనే వెచ్చగాలి.
పిక్రియా రెండు చేతులూ అక్కడ పెట్టింది,
తీయలేదు చాలాసేపు.
"పద్దెనిమిదేళ్లు తోలాను.
ఈ మోడలుకి హీటరే లేదనుకున్నాను."

స్ట్రెచరు కింద మేజోళ్లు తొడిగిన సీసాలు నాలుగు,
రోగుల కాళ్ల దగ్గర పెట్టడానికి వేణ్ణీళ్లవి.
ఒకటి తీసి నా బెంచీ మీద పెట్టింది,
ఒక్క క్షణం చూసి
తిరిగి తీసుకెళ్లి స్ట్రెచరు కిందే పెట్టేసింది.

రొట్టె రోడ్డెక్కాక
చెవికి పసుపు బిళ్ల ఉన్న వీధికుక్క
బేసిన్ వైపు నడిచొచ్చింది.
పాత కూలెంటు తియ్యగా ఉంటుందట, నాకుతాయి, చచ్చిపోతాయి.
రేకు మూసి, పైన రాయి పెట్టి,
దానికి మామూలు నీళ్లు పోశాను.