మూడు నెలలకోసారి నాలుగు ఫొటోలు

వల్పరైసో కొండమీది ఆసుపత్రిలో
నా పని ఫొటోలు తీయడం.
ముఖాలు కాదు, ముఖాలెవరైనా తీస్తారు.
నేను పుట్టుమచ్చల్ని తీస్తాను, మానుతున్న కుట్లని,
ఎఫ్రాయిన్ నడినెత్తిని.

ఏడేళ్ళవాడు. మొదటిసారి టోపీ తీయనన్నాడు.
క్షవరం చేసే మేనమామే ముందు చూశాడట:
చెవి వెనక, వంద పెసోల నాణెమంత,
నున్నగా, పొక్కూ పొట్టూ లేకుండా.
కత్తెర పక్కన పెట్టి
అద్దం వాడివైపు తిప్పకుండా
అక్కకి ఫోను చేశాడట.

కొండ తగలబడిన రాత్రి జడుసుకున్నాడంది ఇరుగమ్మ.
ఎవరి దువ్వెనో వాడాడంది పొరుగమ్మ.
తల్లి యెస్నా వెల్లుల్లి రుద్దింది.
ఆ వాసనకి బెంచీ మీద పక్కవాడు
జరిగి కూర్చున్నాడు. ఇప్పటికీ అక్కడే కూర్చుంటున్నాడు.

డాక్టర్ ఒయార్సున్ తొందరపడదు.
దీపం ఆర్పి ఊదారంగు వెలుగు పట్టింది.
తామరైతే కొన్నిసార్లు మెరుస్తుంది. మెరవలేదు.
అయినా నాలుగు వెంట్రుకలు బూజు పరీక్షకి పంపింది.
గోళ్ళు చూసింది: సూదిమొన గుంటలు, కుట్టుమిషన్ వరసలా.
యాభై వెంట్రుకలు వేళ్ళ మధ్య పట్టి
మెత్తగా లాగింది.
తొమ్మిది వచ్చాయి.
తల్లి పెదవులు లెక్కపెట్టడం చూశాను.

తర్వాత భూతద్దాన్ని తెరకి తగిలించాం.
పసుపు చుక్కలు, నల్ల చుక్కలు,
మచ్చ అంచున పొట్టి వెంట్రుకలు:
పైన లావు, మొదట్లో సన్నం.
"వీటిని ఆశ్చర్యార్థకాలంటాం," అంది డాక్టర్.
వాడు అప్పుడు తలెత్తాడు.
"మరి మొదట పెట్టేది ఏదీ?"

మా భాషలో ఆశ్చర్యానికి రెండు గుర్తులు.
వాక్యం ముందు తలకిందులుగా ఒకటి,
చివర నిటారుగా ఒకటి.
ఒక్కటే పెడితే టీచరు మార్కు కోస్తుందట.

తండ్రి రేవులో రాత్రి కాపలా.
ఒంట్లో కాపలావాళ్ళు పొరబడి
వెంట్రుకల మొదళ్ళ మీద పడ్డారని చెబితే
అందరికన్నా ముందు ఆయనకే అర్థమైంది.
"పొగమంచులో ఓసారి, నాకు తిండి తెచ్చిన తమ్ముడి మీదే
కుక్కని వదిలాను."
నవ్వబోయి ఆగాడు. కొడుకు వైపు తిరిగి,
"తమ్ముడి తప్పేం లేదు," అన్నాడు.
కాసేపాగి, "కుక్కదీ లేదు."

అప్పట్నించీ మూడు నెలలకోసారి నాలుగు ఫొటోలు.
గోడ నీలం మారకూడదు, లైటు మారకూడదు,
నేల మీద టేపు అంగుళం జరక్కూడదు.
మారేది వాడొక్కడే.
నడినెత్తికి నలభై, వెనక్కి ఇరవైనాలుగు,
చెవుల పక్కలకి పద్దెనిమిదేసి.
కలిపితే నూరు.
కలిపితే ఎఫ్రాయిన్ కాడు.
ఇరవైరెండు పోయిందని మొదట రాశాం.
తర్వాత ముప్పైఒకటి. తర్వాత ముప్పైఎనిమిది.
ఆ రోజు యెస్నా గొడుగు మా గదిలో మరిచిపోయింది.
ఇంకా తీసుకెళ్ళలేదు.

నాలుగోసారి స్టూలు కిందికి దించాల్సి వచ్చింది,
అంత ఎదిగాడు.
తెర మీద నూగు లాంటివి, తెల్లగా, నిటారుగా.
మొదట్లో లావు, కొస సన్నం.
వాడే వేలు పెట్టి చూపించాడు.
"ఇదీ మొదట పెట్టేది."
డాక్టర్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది, తడి లేకపోయినా.

అదే రోజు, అదే తల, మెడ మీదుగా
కొత్త నాణెం ఒకటి.
"తగ్గుతోందా, పెరుగుతోందా?" యెస్నా అడిగింది.
"రెండూ," అంది డాక్టర్. ఇరవైఏడు అని రాసింది.

వెళ్ళబోతూ వాడు నోరు తెరిచాడు,
ముందు పన్ను లేదు.
"పన్నూడితే దిండు కింద ఎలుక డబ్బు పెడుతుంది కదా,
వెంట్రుకలకి ఎందుకు పెట్టదు?"
నాకు తెలియదన్నాను.
"అయితే దీన్ని కూడా తీయి."
ఫైల్లో పన్నుకి గడి లేదు.
తీశాను.