బండి ఱ

రాళ్లవాన పడ్డ తెల్లారి ఫోనొచ్చింది.
దేవరకొండ తొవ్వల పాత కుష్ఠు దవాఖాన,
దాని పక్కన చిన్న చర్చి,
పడమటి కిటికీల రంగుల అద్దం పలిగిందట.

నేను సెలూన్లకు, అల్మారాలకు అద్దాలు కోసేటోణ్ని.
వజ్రపు ములికితో గీత గీసి
టక్కున విరవడం తెల్సు.
ఇది విరిగినదాన్ని అతికే పని.

నిచ్చెనెక్కి చూస్తే మేరమ్మ.
తలమీద ముసుగు కాదు,
గదువ కింద ముడేసిన పూల రుమాలు.
రైక చేతుల మీద ఎర్రదారం కుట్టు,
ఒక్కో కుట్టు గోరంత అద్దం.
కాళ్ల కింద పండిన చేను,
జొన్న కాదు, వరి కాదు.
ఆ పసుపు నేను యాడ్నో చూసిన:
మా ఊరి బోరునీళ్లు తాగి గారపట్టిన పండ్ల రంగు.

చేను నడుమ ఎర్రపువ్వు సగం లేదు.
"మోదుగుపువ్వా?" అన్న.
కింద ముంజేతులతో నిచ్చెన అదిమిపట్టిన
సలోమమ్మ నవ్వింది.
"మేమూ అట్లనే అన్నం. సిస్టరమ్మకు కోపమొచ్చింది.
వాళ్ల దేశంల గోధుమచేన్ల మొలిచే కలుపట అది.
పీకి పారేసేదాన్ని దేవుని ఇంట్ల పెట్టుకుంది, చూడు."

ముప్పై రెండేండ్లు పుండ్లు కడిగిందట.
మొరావియా అనే తావు నుంచి వచ్చి
తిట్లు మాత్రం తెలుగులనే తిట్టిందట.
రాత్రిపూట
స్టవ్ మీద టంకంకడ్డీ కాల్చుకుంట
ఎవ్వరికీ తెల్వని మాటలు ఒక్కతే గొణిగేదట.

పాత సీసం పట్టీ ఊడదీస్తే
లోపలి దిక్కు మొలతో గీకిన పేరు.
మొదటి అక్షరం ఇంగ్లీషు ఆర్ లెక్కనే ఉంది,
నెత్తిమీద మాత్రం వాలబోయే పిట్ట.
"ఎట్ల పలకాలె?"
సలోమమ్మ నాలుక పండ్లకు ఆనించి వణికించింది.
ర కాదు, జ కాదు,
గులకరాళ్ల మీంచి పోయే నీళ్లు.
"మాకెవ్వరికీ రాలే. రేహక్కమ్మ అన్నం.
సమాధి మీద గూడ గదే చెక్కిన్రు."

ఎరుపు కోసం బేగంబజారంత తిరిగిన.
చివరికి చిట్యాల పాతసామాన్ల కొట్టుల
రైలు లాంతరు అద్దం దొరికింది,
బండిని ఆపే ఎరుపు.
ఆమెది కాదు. దగ్గరిది.

సీసం మడిచేముందు నేనూ మొల తీసుకున్న.
ఆ పిట్టను దించుడు నా చేత కాలే.
చిన్నప్పుడు పలక మీద దిద్దింది,
పుస్తకాలల్ల నుంచి ఎప్పుడు పోయిందో తెల్వంది,
బండి ఱ ఉండె.
దానితోని ఆమె పేరు రాసి మూసేసిన.

నాలుగింటికి గచ్చు మీద పువ్వు పడ్డది,
సగం ముదురు, సగం లేత.
సలోమమ్మ వేళ్లు లేని చెయ్యి దాని కింద పెట్టింది.
మళ్ల నాలుక వణికించింది.
ఈసారి కొంచెం దగ్గరికొచ్చింది.