ఏడో చెయ్యి

మార్చి మొదటి మంగళవారం.
బడి జిమ్ములో బాస్కెట్‌బాల్ గీతల మీద
మడత కుర్చీలు, బూట్ల కింద కరుగుతున్న మంచు.
వర్మాంట్‌లో మా ఊరికి మేయరు లేడు,
ఉన్నది ఈ ఒక్క పొద్దు.
ఊరే అసెంబ్లీ, ఊరే ప్రతిపక్షం,
మూలన స్వెట్టరు అల్లుకుంటున్న ముసలమ్మతో సహా.
ఒళ్ళో ఊరి లెక్కల పుస్తకం.
నలభై ఒకటో పేజీలో పన్ను బాకీలు,
పేర్లతో.

నేను ఆవుల డాక్టర్ని.
ఇక్కడున్న సగం మంది కొట్టాల్లో
భుజం దాకా చెయ్యి పెట్టి దూడల్ని లాగినదాన్ని.
అయినా ఈ చెయ్యి ఊరి లెక్కలోకి రావడం ఇవాళే మొదలు.
పౌరసత్వ కాగితం వయసు ఐదు నెలలు.

రోడ్డు గ్రేడరు, రెండు లక్షల డాలర్లు.
ఒక్క కేకతో అయిపోయింది.
లైబ్రరీ కిటికీ, మూడొందల డాలర్లు.
నలభై నిమిషాలు కొట్టుకున్నారు.
కిటికీ అందరికీ అర్థమవుతుంది.

తర్వాత పద్నాలుగో అంశం.
ఆల్డెన్ ప్రూయిట్ ఇంటి దారి.
గుట్ట మీదికి మైలున్నర. ఒకటే కొంప, పదకొండు ఆవులు.
చలికాలం ఊరి బండి దాని మంచు తియ్యాలా, వద్దా?
ఆల్డెన్ లేచాడు. టోపీ చేత పట్టుకుని
"నాకు డెబ్బై ఆరు. పార బరువెక్కింది" అని
కూర్చున్నాడు.
ఎవరూ దగ్గలేదు.
ముందు వరసలో అతని చెల్లెలు, తల దించుకుని.
వెనకాల లెమ్యుయెల్, నలభై ఒకటో పేజీలో
మూడో పేరు.
మోడరేటరు థిబోడో గొంతు సవరించుకుని
"చేతులెత్తించనా?" అన్నాడు.

కాగితం మీద వేద్దాం, అన్నారెవరో.
అలా అడగాలంటే ఏడుగురు కావాలట.
గుట్టు కావాలని ఏడుగురు
రట్టుగా చెయ్యెత్తాలన్నమాట.
ఆరు లేచాయి.
థిబోడో రెండుసార్లు లెక్కపెట్టాడు.
ఆరే.

మా ఊళ్ళో వేలికి సిరా పూసేవాళ్ళు.
అట్ట చాటున ఉంగరమో, కత్తెరో,
ఎవరిష్టం వాళ్ళది.
దేనికేశావే అంటే మా నాయనమ్మ
"దేవుడిక్కూడా చెప్పలే" అనేది.
చెప్పక్కర్లేకపోయింది. లెక్క వార్డులవారీగా జరిగింది.
మా వీధి మొత్తం కత్తెరకని తేలింది.
గెలిచింది ఉంగరం.
మూడు నెలలు మా కుళాయి గాలే కక్కింది.
అడగబోతే "గ్రామసభలో తీర్మానమైంది" అన్నారు.
ఆ సభ ఎప్పుడు కూర్చుందో ఎవరూ చూళ్ళేదు.
పుస్తకంలో మాత్రం నాయనమ్మ వేలిముద్ర ఉంది.

"నా మొహం మీద కాదనలేనివాడు
పెట్టెలో కాదనడం దేనికి?"
లెమ్యుయెల్ గట్టిగానే అన్నాడు.
నిజమే.
కుళాయి ఎండని చోట పుట్టినవాడి నిజం.

నా చెయ్యి లేచింది.
నేను లేపానో, నాయనమ్మ లేపిందో.
"ఏడు" అన్నాడు థిబోడో.

చీటీలు చించారు. పెన్సిళ్ళు చాలక
ఒకరిది ఒకరం అడిగి తీసుకున్నాం.
మూతకి చీలిక పెట్టిన చెక్కపెట్టె
వాడివాడి నున్నబడి ఉంది.
నేనేం రాశానంటారా,
దేవుడిక్కూడా చెప్పలే.

అవును, యాభై ఎనిమిది.
కాదు, అరవై.

భోజనాల దగ్గర ఆల్డెన్ నా ఎదుటే కూర్చున్నాడు.
ఎటేశావని అడగలేదు.
ఎవర్నీ అడగలేదు.
బీన్స్ గిన్నె ఇటు జరిపి
"నల్లావుకి నెలలు నిండాయి" అన్నాడు.

రాత్రి పదకొండింటికి ఫోను.
నా బండి గుట్ట మొదట్లోనే ఆగిపోయింది.
సంచీ భుజాన వేసుకుని, మోకాళ్ళ లోతున
మైలున్నర.
అరవైలో ఇద్దరు ఇటు వచ్చుంటే, అనుకుంటూ,
ఆ ఇద్దరిలో నేనున్నానో లేనో
నాకు తెలుసు కనక
ఇంకాస్త ఒగరుస్తూ.

కొట్టం ముందు ఇరవై అడుగులు
పారతో తీసి ఉంది.
అంచులు వంకరటింకర.
లోపల పశువు మూలుగు, పసుపు దీపం.
చొక్కా చెయ్యి భుజం దాకా మడిచాను.
బకెట్టులో నీళ్ళు
వేడిగానే ఉన్నాయి.