పేరులో ఉన్న గింజ

శనివారం. రాత్రి షిఫ్టు లేదు.
అయనావరం మూడో మేడ మీద
ఇనప మూకుడు పొయ్యెక్కించి
పొగ లేచేదాకా ఊరికే నిలబడ్డాను.

"నూనె పొయ్యకుండా మూకుడు మాడుస్తావేమే?"
గుమ్మంలోంచి మా అత్త ఆండాళ్ళు.
మాడ్చడం కాదత్తా, కాచడం.
రెంటికీ నడుమ తేడా ఒక్క గుక్క ఊపిరి.
ఆ సంగతి నాకు చెప్పినాయన
మాటల్లో చెప్పలేదు.

ఒరగడంలో మా లైనుకి
ప్రెస్సు మిషను నేర్పడానికొచ్చాడు సకాగుచి గారు.
ఆర్నెల్లు.
ఆయనకి మన మాట రాదు, నాకు ఆయన మాట రాదు,
దుబాసీ పిల్లకి మధ్యాహ్నం దాటితే తలనొప్పి.
మిషను పక్కన చెవి ఒగ్గి
నన్నూ ఒగ్గమని సైగ చేసి
బేరింగు ఎక్కడ అరిగిందో వినిపించాడు.

వెళ్ళిపోయే వారం గెస్టుహౌసులో
మా నలుగురికీ వండినప్పుడూ అంతే,
పొయ్యి దగ్గర కూడా చెవే.
నూడిల్స్ పరిచి చేతులు వెనక్కి కట్టుకున్నాడు.
తొందరపడి ముందుకెళ్ళిన నా గరిటెని
ఒక్క వేలితో ఆపాడు.
తడి చప్పుడు పోవాలి.
పొడి చప్పుడు రావాలి.
అప్పుడు తిప్పు.

ఆయనిచ్చిపోయిన సాసు ఎప్పుడో అయిపోయింది.
సీసాలో ఇప్పుడు జీలకర్ర.
అందుకని సాసు నేనే కలిపాను:
సోయా మూడు చెంచాలు, టమాటా సాసు ఒకటి,
గోలీ అంత చింతపండు, మిరియాల పొడి.
పులుపెక్కింది. బెల్లం వేశాను.
తీపెక్కింది.
ఊరుకున్నాను.
ఎర్రల్లం కావాలి, బీట్రూట్ చెక్కతో పాటు
నిమ్మరసంలో నానేసిన మనల్లమే ఎర్రబడింది.
పైన చల్లే సముద్రపు నాచు ఎక్కడ దొరుకుతుంది,
కరివేపాకు వేయించి పొడిగా నలిపాను.
కోయంబేడు క్యాబేజీ ఒక్కటే
ఏ వేషమూ వెయ్యకుండా క్యాబేజీగా వచ్చింది.

మేఖల ఫోన్లోంచి తలెత్తింది.
"అమ్మా, యాకిసోబాలో సోబా అంటే ఒక గింజట.
కానీ ఇందులో ఆ గింజే ఉండదట, ఉత్త గోధుమేనట.
మరి పేరెందుకు అబద్ధం?"

మనం గుమ్మడూరి వాళ్ళం కదే, అన్నాను.

ఆ గుమ్మడూరు ఎక్కడుందో మీ తాతకి తెలీదు.
కృష్ణకి ఇవతలో, అవతలో.
మీ తాతకి ముత్తాత ఎవరో అక్కణ్ణించి వచ్చి
మద్రాసు రేవులో మూటలు మోశాడట,
అదీ వినికిడే.
ఆ ఊళ్ళో గుమ్మడిపాదు ఒక్కటైనా ఉందో లేదో
చూసొచ్చినవాడు మనలో లేడు.
రేషను కార్డులో ఆ పేరుకి చోటు లేదు,
తమిళంలో రాస్తే గుమ్మడి కాస్తా కుమ్మడి.
అయినా శుభలేఖ అచ్చేయించిన ప్రతిసారీ
అది లేచొచ్చి మన ముందు కూర్చుంటుంది.
అబద్ధమంటే దానికి కోపమొస్తుంది.

మేఖల ఏమీ అనలేదు.
అది ఒప్పుకున్నట్టా కాదా,
పదమూడేళ్ళ పిల్లలతో తెలీదు.

మూకుట్లో నూడిల్స్ పరిచి
చేతులు వెనక్కి కట్టుకున్నాను.
కింద వీధిలో నీళ్ళ లారీ,
పక్కింట్లో సీరియల్ ఏడుపు,
పెరంబూరు వైపు వెళ్ళే రైలు కూత.
ఇన్నింటి అడుగున ఆ చిన్న చప్పుడు
ఎంత వెతికినా చిక్కలేదు.

అత్తకి కుడి చెవి పనిచెయ్యదు.
పొయ్యి దగ్గరికొచ్చి ఎడమ చెవి ఇటు తిప్పి
కాసేపు నిలబడింది.
యాభై ఏళ్ళు అట్లు పోసిన మనిషి.

"ఇప్పుడు తిప్పవే," అంది.

తిప్పాను. అడుగున
సన్నటి బంగారు రంగు పెచ్చు.
ఒక మూల మాత్రం నల్లగా మాడింది,
ఆ మూలే తన కంచంలో వెయ్యమంది.

మామ కోదండం గారు పంచె సర్దుకుంటూ వచ్చి
"దీన్నేమంటారమ్మా?" అన్నారు.
నేను నోరు తెరిచేలోపే అత్త,
"ఏదో అంటారు. చల్లారిపోతుంది, కూర్చోండి."