పిండం

కార్లైల్ నుంచి కారులో, మంచుపెట్టెలో
రాత్రి ఒంటిగంటకు వచ్చింది.
మూడు ఆసుపత్రులు వద్దన్నది.
బూడిద రంగు, ఒక పక్క మచ్చలు.
తడిపి, పిండి, ఎవరో మరిచిపోయిన గుడ్డలా ఉంది.

ఎవరిదో తెలియదు.
వయసు అరవై ఆరు, రక్తం గ్రూపు, గుండె ఆగిన వేళ.
పేరు రాసే గడి ఉండదు ఈ కాగితంలో.

ఐలీన్ గొట్టాలు బిగిస్తోంది.
నేను ధమని నోట్లో గొట్టం పెడతాను,
పసిదానికి ఉగ్గు పట్టినట్టు అందామంటే
అంత ముద్దుగా ఏం ఉండదు,
జారుతుంది, తిట్టుకుంటాను, మళ్ళీ పెడతాను.

పంపు మొదలు.
బ్లడ్ బ్యాంకులోంచి ఇంకెవరిదో నెత్తురు,
ముప్పై ఏడు డిగ్రీలు, ఆక్సిజన్.
గుండె లేదు, గుండె పని ఉంది.
ఒళ్ళు లేదు, ఒంటి వేడి ఉంది.
చచ్చిందనడానికీ బతికిందనడానికీ కుదరక
స్టీలు పళ్ళెంలో కూర్చుంది.

మీ భాషలో దీన్నేమంటారని అడిగింది ఐలీన్.
మూత్రపిండం అన్నాను.
విడగొట్టి చెప్పమంది.
మొదటి సగం తేలిక, ఇద్దరం నవ్వుకున్నాం.
రెండో సగం దగ్గర ఆగిపోయాను.
పోయినవాళ్ళకు పెట్టే ముద్దా పిండమే,
కడుపులో పడ్డ నలుసూ పిండమే.
మా మేనత్త పదోరోజున కాకి రాక
ఆకులో ముద్ద ఎండిపోతుంటే
పెద్దవాళ్ళంతా ఆకాశాన్ని బతిమాలారు,
ఏ కోరిక తీరలేదో ఏమో అని.

ఇక్కడ బతిమాలడానికి
గీతలున్న ఒక ప్లాస్టిక్ బుడ్డి.

ఇరవై నిమిషాలు. ఏమీ లేదు.
నలభై. అంచున కొంచెం గులాబి,
ఒక మచ్చ కరిగింది, రెండోది మొండికేసింది.
ప్రవాహం పెరుగుతోంది, నిరోధం దిగుతోంది,
బుడ్డి మాత్రం పొడిగానే.
సర్జన్ ఫర్గస్ గుమ్మంలో నిలబడి టీ తాగుతున్నాడు.
అడగడు. ఆ అడగకపోవడమే అడగడం.

గేట్స్‌హెడ్‌లో మేవిస్‌కు అప్పటికే ఫోన్ వెళ్ళింది,
రండి, కానీ ఖాయం కాదు అని.
బడి వంటగదిలో గరిటె తిప్పిన మనిషి.
ఎనిమిదేళ్ళుగా వారానికి మూడు రోజులు డయాలసిస్,
రోజుకు ఇన్నే నీళ్ళని కొలత గ్లాసు,
నాలుక మీద మంచుముక్కతో దాహాన్ని బుజ్జగించడం.
ఇంతకు ముందు రెండుసార్లు వచ్చి వెనక్కి వెళ్ళింది.
రెండోసారి తనే నన్ను ఓదార్చింది.

మూడూ నలభై ఆరుకు
గొట్టం చివర పసుపుగా ఏదో
ఉబ్బింది, వేలాడింది, కాసేపు ఆలోచించింది,
పడింది.

ఉచ్చ పోసిందోయ్!
అని తెలుగులో అరిచాను.
ఫర్గస్‌కు అర్థమైంది.
టీ కప్పు ఎక్కడ పెట్టాడో కూడా చూడకుండా
చేతులు కడుక్కోవడానికి పరిగెత్తాడు.

ఆ తర్వాత ఇంకో చుక్క, ఇంకోటి, సన్నని ధార.
మళ్ళీ చల్లబరచడం, విప్పడం,
కాగితంలో అంకెలు నింపడం.
ఆపరేషన్ సంగతి నాకింకా తెలియదు.

ఏడింటికి ఇంటికి పోతుంటే
టైన్ వంతెన ఇనుప అంచుల మీద
కిట్టివేక్‌ల గోల, కింద రోడ్డంతా రెట్టలు.
కాకులు కావవి. తెల్లటివి, సముద్రానివి.
పరవాలేదు అనుకున్నాను.