రెండు పేర్ల ఏడాది
(చెకొస్లొవాకియా, 1992)

మా వంటింట్లో ఒకే మేకుకి రెండు క్యాలెండర్లు.
ఒకటి నాకు రైల్వే వాళ్ళిచ్చింది, చెక్ భాషలో.
రెండోది జెల్మీరా పుట్టింటి నుంచి తెచ్చుకునేది,
మొరావా నదికి అవతల పాలకేంద్రం వాళ్ళది, స్లొవాక్‌లో.
నా జనవరి పేరు మంచు.
ఆమె జనవరి జనవరే.
నా ఆగస్టు కొడవలి, నా నవంబరు ఆకురాలుడు.
"మీ నెలలన్నీ బురదకాళ్ళతో వస్తాయి,
మావి బూట్లు తొడుక్కుని వస్తాయి" అనేది.
తేదీల దగ్గర మాత్రం ఎన్నడూ పేచీ లేదు.

పద్దెనిమిదేళ్ళు అదే బండి నాది,
బ్రెత్స్లావ్ నుంచి కూతీ దాకా.
వంతెన మీద చక్రాల చప్పుడు మారుతుంది,
కింద నీళ్ళున్నందుకు, అంతే.
నేను నా భాషలో టికెట్ అడుగుతాను,
ముసలమ్మ తన భాషలో "వెతకనీ నాయనా" అంటుంది,
సంచీలోంచి అన్నీ వస్తాయి, టికెట్ తప్ప.
దుబాసీ అవసరం ఎవరికి పడింది?

ఆ వేసవిలో రేడియో పంపకాలు మొదలుపెట్టింది.
మమ్మల్నెవరూ అడగలేదు.
విమానాలు రెండుకొకటి, ట్యాంకులు రెండుకొకటి,
జనం లెక్కన వాటాలట,
గట్టు తగాదా లేని వేరుకాపురమట.
మర్నాడు బోగీలో ఇటుకబట్టీ ఒరావెత్స్
మూడు ఉడికిన గుడ్లు బయటికి తీసి
రెండు నా అరచేతిలో పెట్టాడు.
"మీ వాటా, కండక్టరు గారూ!"
బోగీ బోగీ అంతా నవ్వింది.
నేను ఉప్పడిగాను.
ఉప్పు సంగతి ఇంకా తేలలేదన్నాడు.

నవంబరు ఇరవై అయిదు.
ఆకులు ఎప్పుడో రాలిపోయాయి.
పిడికెడు ఓట్ల తేడాతో దేశం అయిపోయిందని
వార్తలు చదివినవాడు నీళ్ళు తాగాడు.
జెల్మీరా ఏమీ అనలేదు.
ఇస్త్రీపెట్టె మాత్రం ఒకేచోట ఆగిపోయింది.
నా యూనిఫాం చొక్కా వీపున
ఇప్పటికీ ఉంది, గోధుమరంగు పడవలా.

మా జాతీయగీతం నిజానికి రెండు పాటలు:
ముందు మాది, నెమ్మది.
తర్వాత వాళ్ళది, వడివడిగా.
రెంటి మధ్యా ఒక ఊపిరంత జాగా.
బడిలో చేరిన నాటి నుంచీ
అందరం అక్కడే గాలి పీల్చేవాళ్ళం.
డిసెంబరు ముప్పై ఒకటి, అర్ధరాత్రి దాటాక
రేడియోలో మా పాట వచ్చింది, అయింది.
అలవాటు కొద్దీ గుండెల నిండా పీల్చాను.
గంటలు మోగాయి. ఎవరో ప్రకటన చదివారు.
పీల్చిందాన్ని ఎక్కడ వదలాలో తెలియక
కిటికీ దాకా నడిచాను.
వెనక, గిన్నెలు తుడుస్తూ,
ఆమె రెండోది పాడుతోంది, పెదవులు విప్పకుండా,
శ్రుతి తప్పి.

పొద్దున కొత్త క్యాలెండర్లు తగిలించాం.
ఆమెది పైన ఉండాలన్నాను నేను,
నాది ఉండాలంది ఆమె.
చాలాసేపే వాదించుకున్నాం.
రెండింట్లోనూ శుక్రవారమే.